మా తోటకు ఒక ఒప్పందపత్రం కావాలి: సరిహద్దు జిల్లాల పురపాలక సంఘాలకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల పురపాలక సంఘాల, నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ల గౌరవ అధ్యక్షులకు, కౌన్సిలర్లకు, కార్యనిర్వాహక అధికారులకు, బరంపురం నగరపాలక సంస్థ మేయరు గారికి, కమిషనరు గారికి నమస్కారాలతో విన్నవించుకునేది.

అయ్యా, అమ్మా,

మన పట్టణాల్లో పురపాలక స్థలాల్లో ఉన్న తోటలను కొన్నిచోట్ల చుట్టుపక్కల వీధులవారే తెల్లవారుజామున లేచి ఊడ్చి, పాదులు తీసి, నీళ్లు పోసి కాపాడుకొస్తున్నారన్న సంగతి మీకు తెలియనిది కాదు. అలాంటి ఒక తోటలో పనిచేసే స్వచ్ఛంద సేవకులందరి తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మేము కోరేది ఒక్కటే. స్థలం మీది, చాకిరి మాది అనే ఈ ఏర్పాటుకు ఇరుపక్షాల సంతకాలతో ఒక ఒప్పందపత్రం ఉండాలి. ఇంతకాలం నోటిమాట మీద నడిచింది. ఇక మీదట అది ఎందుకు చాలదో, ఆ పత్రంలో ఏమేమి ఉండాలని మేము అనుకుంటున్నామో వివరంగా చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మా పట్టణం పేరు, మా పురపాలక సంఘం పేరు కావాలనే రాయలేదు. ఏ ఒక్క కార్యాలయం మీదా ఫిర్యాదు చేయడం మా ఉద్దేశం కాదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, వీటిలో ఎక్కడ ఇలాంటి తోట ఉన్నా దాని కష్టసుఖాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి, ఒక ఊరి పేరు పెట్టి మిగిలిన ఊళ్లవారు ఇది తమకు సంబంధించిన విషయం కాదని పక్కన పెట్టేయకూడదన్నది మా కోరిక.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లాల మీద విరుచుకుపడినప్పుడు మా తోటలో నిలిచిన చెట్లకన్నా పడిపోయినవే ఎక్కువ. ఎర్రగా విరగబూసే తురాయిలు, కొమ్మలు విశాలంగా పరుచుకున్న నిద్రగన్నేరులు వేళ్లతో సహా పెళ్లగిలిపోయాయి. పొగడలు, కానుగలు, నేరేళ్లు కొమ్మలు పోగొట్టుకున్నా మానులతో నిలబడ్డాయి. కరెంటు లేక, మంచినీళ్లు లేక, దారులు మూసుకుపోయి ఉన్న ఆ రోజుల్లో పురపాలక సిబ్బంది ముందు రోడ్లూ ఆస్పత్రులూ చూసుకోవాలి గాని తోట చూసుకోవాలని ఎవరూ అనలేరు. అందుకే వీధులవారు కత్తులు, రంపాలు, గంపలు పట్టుకుని లోపలికి వెళ్లారు. పడిన మానులను తొలగించి, విరిగిన కొమ్మల మొదళ్లను నునుపుగా కోసి, కొత్త మొక్కలకు గుంటలు తీశారు. ఈసారి తురాయిలు నాటకుండా గాలికి తట్టుకున్న జాతులనే నాటాలని అప్పుడే అందరూ కలిసి అనుకున్నారు. అప్పటి అధికారి ఒకరు వచ్చి చూసి, సంతోషించి, తాళం చెవి ఒకటి మా చేతిలో పెట్టి వెళ్లారు. మా దగ్గర ఉన్న అధికారమల్లా ఆ తాళం చెవే. వారు బదిలీ అయి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవారికి ఆ మాట తెలియదు, తెలియాలనుకోవడానికి ఫైలులో ఒక్క ముక్క కూడా లేదు.

మాలో తెలుగువారున్నారు, ఒడియావారున్నారు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు, బడిపంతుళ్లు, స్వయం సహాయక సంఘాల మహిళలు, దుకాణాల్లో గుమస్తాలు, కాలేజీకి వెళ్లే పిల్లలు ఉన్నారు. తోటపని అంటే మొక్కలు నాటి ఫొటోలు దిగడమని బయటివారికి అనిపించవచ్చు. నాటడం ఒక పూట పని, మిగిలిన ఏడాదంతా కలుపు పని. వయ్యారిభామనే తీసుకోండి. అది పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడే, చేతులకు గోనెగుడ్డ చుట్టుకుని, వేరు తెగకుండా పీకాలి. కోసేస్తే మళ్లీ మోడు నుంచి చిగురిస్తుంది, పూసిందంటే ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడి పడనివారికి దద్దుర్లు వస్తాయి, ఆయాసం వస్తుంది. పిల్లలు ఆడుకునే చోట అది ఉండకూడదు గనుక వానాకాలమంతా మా ఆడవాళ్లు బొరిగెలు పట్టుకుని వంగి ఉంటారు. ఈ పని ఎవరి కంటికీ కనిపించదు. కలుపు లేని నేల చూసినవారు అది మొదటి నుంచీ అలాగే ఉందనుకుంటారు.

ఇక నోటిమాట ఎందుకు చాలదో చెప్పడానికి ఒక సంగతి రాయాలి. ఆమధ్య ఒక వేసవిలో నడకదారిని బాగుచేసే పని మంజూరైంది. మంజూరైన సంగతి మాకు జేసీబీ గేటు లోపలికి వచ్చిన పొద్దున్నే తెలిసింది. దారి వెడల్పు చేయడానికి పూలమడి సగం తీసేశారు. గేటు పక్క పొగడ వేళ్లు అడ్డువచ్చినచోటల్లా నరికి, మాను చుట్టూ ఇసుక పోసి, దిమ్మిస కొట్టి, సిమెంటు పలకలు బెరడుకు తగిలేలా పరిచారు. చెట్టు మొదట్లో కొంచెం మట్టి వదలమని మేము బతిమాలితే మేస్త్రీ చాలా మర్యాదగానే, "నా దగ్గర వర్క్ ఆర్డరుంది, మీ దగ్గర ఏముందో చూపించండమ్మా" అన్నాడు. అతని మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. మా దగ్గర చూపించడానికి నిజంగానే ఏమీ లేదు. మరుసటి ఏడాదికి ఆ పొగడ పైకొమ్మలు ఎండటం మొదలైంది. ఆకు చిన్నదై పసుపుబారింది. వాన కురిసిన రోజున చూస్తే నీళ్లు పలకల మీద నుంచి జారి నేరుగా కాలువలోకి పోతున్నాయి, మాను మొదట్లో నేల మాత్రం పొడిగానే ఉంటోంది. పొద్దున్నే ఆ చెట్టు కింద పూలు ఏరి దండలు గుచ్చుకునే పిల్లలు ఇప్పుడు వేరే చెట్టు కిందికి వెళ్తున్నారు.

చెట్టు వేరుకు నీరు ఎంత అవసరమో గాలి అంత అవసరం. ఈ సంగతిని ఆధారం చేసుకునే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ నగర చెట్ల విషయంలో, ప్రతి చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని ఆదేశించింది. ఒక మీటరు అంటే పెద్ద చోటేమీ కాదు. ఆ కొంచెం చోటు వదిలితే పొగడ బతికేది, నడకదారికీ లోటు ఉండేది కాదు. పనికి అంచనాలు వేసేముందు మాలో ఎవరినైనా ఇద్దరిని పిలిచి నక్షా చూపించి ఉంటే ఇదంతా జరిగేది కాదని మా నమ్మకం. అందుకే ఒప్పందపత్రంలో మేము కోరే మొదటి అంశం ఇది. తోటలో తవ్వకం, కట్టడం, నరకడం వంటి ఏ పని తలపెట్టినా పనులు మొదలు కావడానికి ముందే సేవకులకు నక్షా చూపించి, వారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. నిర్ణయం మీదే. అభిప్రాయం వినే బాధ్యత కూడా మీదేనని పత్రంలో ఉండాలి.

రెండవది నీళ్ల సంగతి. చైత్రం నుంచి మృగశిర దాకా మన వైపు ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. పెద్ద చెట్లు తట్టుకుంటాయి, మూడేళ్ల లోపు మొక్కలు తట్టుకోలేవు. తోటలో బోరు ఉంది, మోటారు ఉంది. మోటారు కాలిపోతే బాగుచేయించవలసింది ఎవరో మాత్రం ఎక్కడా రాసి లేదు. కార్యాలయానికి వెళ్తే ఒక విభాగం వారు ఇంకొక విభాగానికి పంపుతారు, వారు మళ్లీ మొదటి విభాగానికే పంపుతారు, ఈలోగా మొక్కలు వాడిపోతాయి. ప్రతిసారీ మేము చందాలు వేసుకుని బాగుచేయించుకున్నాము. ఇవ్వగలిగినవారు ఇచ్చారు గాని, రోజుకూలి మీద బతికే సేవకురాలు చందా ఇవ్వలేక తోటకు రావడమే మానుకున్నప్పుడు మాకు చాలా బాధ కలిగింది. శ్రమ ఇచ్చేవారిని డబ్బు కూడా ఇమ్మనడం న్యాయం కాదు. మోటారు, దాని కరెంటు బిల్లు, గొట్టాల మరమ్మతు పురపాలక సంఘం బాధ్యత అని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. నీటిని పొదుపుగా వాడే బాధ్యత మాది. మా తోటలో చిన్న మొక్కల పక్కన మట్టికుండలను మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూతలు పెడతాము. కుండ గోడల గుండా తడి మెల్లగా ఊరి వేళ్లకే చేరుతుంది గనుక, పైన పోసిన నీళ్లలా ఎండకు ఆవిరైపోదు. నీళ్ల తొట్టిని వారానికొకసారి పూర్తిగా ఖాళీచేసి తోమి ఆరబెడతాము. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, మలేరియా ఎంతగా పీడించిందో తెలిసిన ఈ జిల్లాల్లో తొట్టిని అంతకు మించి వదిలేయడం నేరమని మేమనుకుంటాము.

ఆకుల విషయం ఇంకా చిన్నది, అయినా రోజూ గొంతు మండించేది. వీధులు ఊడ్చేవారు రాలిన ఆకులను మా ప్రహరీ పక్కన పోగుచేసి నిప్పు పెడుతుంటారు. వారిని మేము తప్పుపట్టము. తీసుకుపోయే బండి రానప్పుడు వారు మాత్రం ఏంచేస్తారు? 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే, ఊడ్చిన ఆకులను కాల్చకుండా విడిగా ఉంచాలని పారిశుద్ధ్య కార్మికులకు చెప్పవలసిన బాధ్యత స్థానిక సంస్థలదని రాశారు. ఆ ఆకులు మాకివ్వండి. గోతిలో ఆకు ఒక పొర, పేడనీళ్లు, పైన పలచగా మట్టి, మళ్లీ ఆకు, ఇలా నింపుతాము. పిడికిట్లో పిండి చూస్తే తడి తెలియాలి గాని నీరు కారకూడదు. నాలుగు వారాలకొకసారి పారతో తిరగేసి, వానల్లో తాటాకులు కప్పితే, మూడు నాలుగు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, మట్టివాసన వేసే గత్తం తయారవుతుంది. మన రాష్ట్రంలో పట్టణాల సూక్ష్మ కంపోస్టు కేంద్రాల్లో తయారయ్యే ఎరువును 'మొ ఖత' పేరుతో అమ్ముతున్నారు కదా. చెత్త వేరుచేయడం గురించి ఇళ్లవారికి చెప్పే స్వచ్ఛ సాథీలు, అక్కడి కార్మికులు మా గోతులను ఒకసారి చూసి, చెదలు పట్టకుండా ఏంచేయాలో చెబితే మాకెంతో మేలు. మా నుంచి ఏమైనా నేర్చుకోవలసింది ఉంటే వారూ నేర్చుకుంటారు.

ఇప్పుడు మాకు అన్నిటికన్నా ఆందోళన కలిగిస్తున్న సంగతికి వస్తాను. తోటను గుత్తకిచ్చి, గేటు దగ్గర ప్రవేశ రుసుము పెట్టి, వచ్చిన ఆదాయంతో నిర్వహణ సాగించాలన్న ఆలోచన కొన్నిచోట్ల వినబడుతోంది. మనిషికి పది రూపాయలంటే చిన్న మొత్తమే అనుకోవచ్చు. సంతరోజున మా తోటకు వచ్చి ఒక గంట కూర్చుని చూడవలసిందిగా వినయంగా కోరుతున్నాను. కొండల నుంచి చింతపండు, అడ్డాకులు, పసుపు, అనాసపండ్లు మోసుకొచ్చిన సవర ఆడవాళ్లు సరుకు అమ్ముకున్న తర్వాత బస్సు దాకా ఎండలో నిలబడలేక మా కానుగల కిందికి వచ్చి కూర్చుంటారు. మూట విప్పి అంబలి తాగుతారు, పసిపిల్లలను కొమ్మకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో పడుకోబెడతారు, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటారు. గేటు దగ్గర బల్ల వేసుకుని టికెట్లు చింపే మనిషి కనబడితే వారిలో ఒక్కరు కూడా లోపలికి అడుగుపెట్టరు, పది రూపాయలు చేతిలో ఉన్నా పెట్టరు. నీడ కొనుక్కోవాలన్న ఆలోచనే వారికి రాదు. పొద్దున్నే నడవడానికి వచ్చే మాలాంటివారు ఎలాగో నెల టికెట్టు కొనుక్కుంటాము. తోట ఎవరికి ఎక్కువ అవసరమో వారే దానికి దూరమవుతారు.

ఈ విషయంలో చట్టం ఎటువైపు మొగ్గుతుందో మీకు మాకన్నా బాగా తెలుసు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలు, ఉద్యానవనాలు, తోటలు, ఆటస్థలాల కల్పనను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో ఒకటిగా పేర్కొన్నది. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడాన్ని అక్కడి నివాసులు ప్రశ్నించినప్పుడు, ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. లక్నోలో అమీనాబాద్ దగ్గరి పార్కు అడుగున దుకాణాల సముదాయం కట్టించడానికి నగరపాలిక ఒక సంస్థతో చేసుకున్న ఒప్పందాన్ని 1999లో కొట్టివేసి, కట్టినదాన్ని తీసేయించి పార్కును పూర్వస్థితికి తేవాలని ఆదేశించింది. ప్రజల కోసం ఉంచిన ఖాళీ జాగాకు స్థానిక సంస్థ ధర్మకర్త వంటిదన్న భావన ఈ తీర్పుల్లో ఉంది. కోర్టు మెట్లు ఎక్కాలన్న ఆలోచన మాకు ఏ కోశానా లేదు. ప్రవేశం ఉచితమని, తోటలో ఏ భాగాన్నీ వ్యాపారానికి గుత్తకివ్వరాదని ఒప్పందపత్రంలో ఒక్క వాక్యం ఉంటే సరిపోతుంది.

ఉచితమైతే ఖర్చు ఎవరు భరిస్తారని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఈ సందర్భంలో ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. స్వచ్ఛంద సేవకులున్నారు గదా అని తోటమాలి పోస్టును ఎత్తివేయడం మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. మేము పొద్దున్న రెండు గంటలు పనిచేసి ఎవరి ఉద్యోగాలకు వారు వెళ్లిపోతాము. పరీక్షల రోజుల్లో పిల్లలు రారు, కోతల కాలంలో పొలాలున్నవారు రారు, పెళ్లిళ్ల రోజుల్లో ఎవరూ రారు. రోజూ పగలంతా ఉండి, పాము కనబడితే పిల్లలను పక్కకు తీసుకుపోయి, కొమ్మ విరిగితే తాడు కట్టి, సాయంత్రం గేటు మూసే మనిషి జీతం తీసుకునే మనిషే కావాలి. మా ఉచిత శ్రమ ఒక పేదవాడి జీతానికి ఎసరు పెట్టేదైతే ఆ సేవ మాకు వద్దు. మన రాష్ట్రంలో 2020లో పట్టణ వేతన ఉపాధి కార్యక్రమంగా మొదలై తర్వాత 'ముక్త'గా పేరుపొందిన పథకం కింద వార్డుల్లో చిన్న చిన్న పనులను మహిళా సంఘాల ద్వారా, వాడల సంఘాల ద్వారా కూలి ఇచ్చి చేయించారు. అటువంటి పద్ధతిలో వేసవి నాలుగు నెలలు నీళ్లు పోయడానికి, వానలకు ముందు కాలువలు పూడిక తీయడానికి మా వాడ మహిళలకు కూలి పనిగా ఇవ్వగలిగితే, తోటా బతుకుతుంది, వారికీ నాలుగు డబ్బులు చేతికొస్తాయి. మిగిలిన కలుపు, పాదులు, గోతులు మేము చూసుకుంటాము.

ఫలసాయం గురించి కూడా ముందే రాసుకోవడం మంచిది. తోటలు పాడయ్యేది కరువు వల్లనే కాదు, కాయల తగాదాల వల్ల కూడా. మా తోటలో నాలుగు మామిళ్లు, రెండు పనసలు, కొబ్బరిచెట్లు, మునగలు, వరుసగా కరివేపాకు మొక్కలు ఉన్నాయి. మేము పెట్టుకున్న నియమం ఏమిటంటే, రాలిన కాయ ఎవరికి దొరికితే వారిది, కరివేపాకు రెబ్బ తుంచుకోవచ్చు గాని కొమ్మ విరవకూడదు, పనసపండు కోసిన రోజున అందరినీ పిలిచి తోటలోనే పంచిపెట్టాలి. కొబ్బరికాయలు మాత్రం ప్రమాదం గనుక మనిషిని పెట్టి దింపించి, అమ్మిన డబ్బు లెక్కరాసి, బొరిగెలకూ తట్టలకూ వాడతాము. లెక్కల పుస్తకం గేటు దగ్గర గదిలో ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. పురపాలక చెట్ల ఫలసాయాన్ని వేలం వేసే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. ఈ కొద్దిపాటి కాయలను వేలం జాబితా నుంచి తప్పించమని కోరుతున్నాము. వేలం పాడుకున్నవారు కాపలా పెడతారు, కాపలా పెడితే పిల్లలను తరుముతారు, తోట స్వభావమే మారిపోతుంది.

ఉత్సవాలకు, సభలకు తోటను ఇచ్చే విషయంలో మాకు పట్టింపేమీ లేదు, పద్ధతి ఉంటే చాలు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తెలుగువారి వనభోజనాలు జరుగుతాయి. మిథున సంక్రాంతికి రజ పండుగ వచ్చినప్పుడు ఒడియా ఆడపిల్లలు మామిడి కొమ్మకు ఉయ్యాలలు కట్టుకుంటారు. ఆ మూడు రోజులు నేలను తవ్వకూడదన్నది వారి ఆచారం గనుక మేమంతా, తెలుగువారమూ ఒడియావారమూ, పారలు గదిలో పెట్టి తాళం వేసి, ఊడ్చే పని ఒక్కటే చేస్తాము. ఇదెవరూ మాకు చెప్పలేదు, కలిసి పనిచేస్తున్నవారి మధ్య తనంతట అదే కుదిరింది. చెట్లకు కట్టిన పేరు పలకలు ఒడియాలోనూ తెలుగులోనూ ఉంటాయి. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఒడియా బడుల్లో చదువుతారు, వారి అవ్వాతాతలకు తెలుగు అక్షరాలే వచ్చు. పలక ముందు ఇద్దరూ నిలబడి చెరొకటి చదువుతుంటే చూడటం మాకు ఇష్టం. అయితే పందిళ్ల కోసం పూలమళ్లలో గుంటలు తవ్వడం, చెట్లకు మేకులు కొట్టి బానర్లు కట్టడం, రాత్రి పొద్దుపోయే దాకా లౌడుస్పీకర్లు పెట్టడం ఆగాలి. అనుమతి ఇచ్చేటప్పుడు ఈ షరతులను అనుమతి పత్రంలోనే అచ్చువేయించి, దాని నకలు ఒకటి మాకు పంపితే చాలు.

ఇలాంటి ఒప్పందం ఎక్కడా లేని వింత కాదు. న్యూయార్క్ నగరంలో 1973లో పాడుబడి చెత్తకుప్పగా మారిన ఒక మూల స్థలాన్ని కొందరు పౌరులు శుభ్రంచేసి తోట వేస్తే, మరుసటి ఏడాది ఆ నగర యంత్రాంగం నెలకు ఒక్క డాలరు అద్దె మీద ఆ స్థలాన్ని వారికి ఇచ్చింది. ఆ ఒక్క డాలరు కాగితమే తర్వాత అలాంటి ఎన్నో తోటలకు దారి చూపింది. 1978లో నగరపాలక యంత్రాంగంలోనే ఈ తోటలకు తోడ్పడేందుకు ఒక కార్యక్రమం ఏర్పడింది. అంత జరిగినా, 1999లో వందకు పైగా తోటల స్థలాలను నగరం వేలానికి పెట్టినప్పుడు వాటిని కాపాడటానికి స్వచ్ఛంద సంస్థలు ముందుకు వచ్చి కొనవలసి వచ్చింది. కాగితం ఉన్నచోటే అంత పెనుగులాట తప్పలేదంటే, తాళం చెవి ఒక్కటే ఆధారంగా ఉన్న మా సంగతి ఏమిటో మీరే ఆలోచించండి. మేము అద్దె కట్టమంటే ఏడాదికి ఒక రూపాయి కట్టడానికి సిద్ధం. దానికి రసీదు ఇవ్వండి.

ఒప్పందంలో మమ్మల్ని కట్టిపడేసే షరతులు కూడా ఉండాలని మేమే కోరుతున్నాము. సేవకుల సంఘంలో చేరడానికి కులం, భాష, పార్టీ అడ్డు రాకూడదు. ఇంత మొక్కలిచ్చాము, అంత చందా ఇచ్చాము అని ఎవరి పేర్లతోనూ బోర్డులు పెట్టకూడదు. తోట తెరిచే వేళలు గేటు మీద రాసి ఉండాలి, మా ఇష్టం వచ్చినట్టు తాళం వేయడానికి వీల్లేదు. పురుగుమందులు చల్లకూడదు. చెట్టు కొట్టవలసి వస్తే మీ అనుమతి, అవసరమైనచోట అటవీశాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టకూడదు. ఏడాదికొకసారి మీ ఇంజినీరు గాని, ఉద్యానశాఖవారు గాని వచ్చి చూసి, మేము సరిగా చేయడం లేదని తేలితే మూడు నెలల గడువుతో ఒప్పందాన్ని రద్దుచేసే హక్కు మీకు ఉండాలి. దానితోపాటే, ఎండిన కొమ్మ విరిగి ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు, పనిలో ఉన్న సేవకురాలిని పాము కరిచినప్పుడు వైద్యం ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కూడా రాసి ఉండాలి. ఇప్పటివరకూ అటువంటిది జరగలేదు, జరిగిన రోజున ఒకరి మొహం ఒకరు చూసుకునే పరిస్థితి రాకూడదు.

కాలపరిమితి ఐదేళ్లకు తగ్గకుండా ఉండాలని మా మనవి. ఈరోజు నాటిన పొగడ మొక్క నిలదొక్కుకున్నదీ లేనిదీ తేలడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏటేటా పునరుద్ధరించుకోవలసిన ఒప్పందమైతే, అధికారి మారినప్పుడల్లా మేము మొదటి నుంచి పరిచయం చేసుకుంటూ తిరగాలి, ఆ తిరుగుడులో వానాకాలం దాటిపోతుంది.

మృగశిర కార్తె లోపల ఈ పని పూర్తయితే ఈ వానలకే కొత్త మొక్కలు నాటుకోగలము. మొక్కలను ఇప్పటికే ఎంచుకున్నాము. కానుగ, నేరేడు, పొగడ, ఉసిరి నారు మా సేవకుల ఇళ్ల దొడ్లలో సంచుల్లో పెరుగుతోంది. ఒప్పందపత్రం ముసాయిదాను ఒడియాలోనూ తెలుగులోనూ మేమే తయారుచేసి ఉంచాము. అందులో మార్చవలసినవి మార్చండి, తీసేయవలసినవి ఎందుకు తీసేస్తున్నారో చెప్పి తీసేయండి. మీ మీ కౌన్సిల్ సమావేశాల్లో ఈ అంశాన్ని చర్చకు చేర్చి ఆ తేదీ తెలియజేస్తే, ఏ పట్టణానికైనా ప్రతులు తీసుకుని మాలో ఇద్దరు ముగ్గురు వచ్చి, అడిగినవాటికి జవాబు చెబుతారు. ఇటువంటి తోటలున్న ఇతర పట్టణాల సేవకులు కూడా తమ తమ కౌన్సిలర్లను కలిసి ఇదే కోరవలసిందిగా ఈ లేఖ ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాము.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక సరిహద్దు పట్టణపు తోట సేవకులందరి తరఫున